పద్నాలుగు ముడుల పొద్దు

ఆకలైనప్పుడు అన్నం తినాలని తనంతట తానుగా తోచని మనిషికి, తన ఇంట్లో తాను ఒంటరిగా బతికే హక్కు ఉందా, లేదా?

ఉందనో లేదనో ఒక జవాబు ముందే మనసులో అనుకోండి. "పరిస్థితులను బట్టి" అనేది జవాబు కాదు. న్యాయస్థానాలలో ఆ మాట నేను చాలాసార్లు విన్నాను. వాయిదాకు అది మర్యాదైన మారుపేరు. పరిస్థితులు ఏమిటో నేను చెబుతాను. వాటిని ఎవరు కూర్చారో, ఎవరు చెదరగొట్టారో కూడా చెబుతాను.

1963లో లీలమ్మకు ముప్పయ్యారేళ్లు. రామన్నపేట పద్మశాలి వాడలో రెండు గదుల పెంకుటింట్లో అక్క ఆండాళుతో కలిసి ఉండేది. ముందు గదిలో గుంట మగ్గం, వెనుక గదిలో పొయ్యి, ఆ వెనుక పెరట్లో నూలుకు రంగు వేసే కాగులు. తండ్రి కట్టిన ఇల్లు అది. పెళ్లికి ముందు ఆమె అక్కడే పుట్టి పెరిగింది. పెళ్లి తరువాత మళ్లీ అక్కడికే చేరింది.

నడుమ కొన్నేళ్లు ఆమె నకిరేకల్లు కోడలు. భర్త గండయ్య చీరలు నేసేవాడు, ఆమె కండెలు చుట్టేది. ఇరవై రెండో ఏట మగ్గం గుంటలోంచి ఆమెకు మాటలు వినిపించడం మొదలైంది. ఇద్దరు మగవాళ్లు, ఒక ముసలామె. ఆమె ఏ పని మొదలుపెట్టినా ఆ ముగ్గురూ ఎత్తిపొడిచేవారు. నీళ్లు తోడబోతే ఎందుకనేవారు, మానుకుంటే సోమరి అనేవారు. క్రమంగా పనుల వరుస ఆమె చేతి నుంచి జారిపోయింది. స్నానం చేసి చీర మీద చీర కట్టుకునేది, ఎందుకంటే పాతది విప్పాలన్న సంగతి రెండు పనుల నడుమ ఎక్కడో పడిపోయేది. పొయ్యి మీద ఎసరు పెట్టి, అది మరిగి ఇంకిపోయేదాకా చూస్తూ కూర్చునేది. రజాకార్ల రోజుల భయం మనసులో నిలిచిపోయిందని కొందరు, గాలి సోకిందని కొందరు అన్నారు. కారణం వెతకడం అందరికీ ఇష్టమే. ఎసరులో బియ్యం పోయడానికి మాత్రం ఎవరూ లేరు.

అత్తింటివారు ఆమెను నెలల తరబడి ఇంటి గుంజకు తాడుతో కట్టి ఉంచారు. నేరం చేస్తున్నామని వాళ్లు అనుకోలేదు. బావిలో పడకుండా కాపాడుతున్నామనే అనుకున్నారు. 1950 ఎండాకాలంలో గండయ్య ఆమెను ఎడ్లబండి మీద తీసుకువచ్చి, బట్టల మూట గడప మీద పెట్టాడు.

"వదినె, నాతోని అయితలేదు. జర నువ్వే అర్సుకో," అన్నాడు ఆండాళుతో. ఇచ్చిన నీళ్లు కూడా తాగకుండా బండి మళ్లించుకొని పోయాడు.

ఆండాళు అప్పటికే భర్త పోయి పుట్టింట్లో ఉంటున్న మనిషి. పిల్లలు లేరు. ఆమెకు వచ్చిన విద్య చిటికి. నేయకముందే నూలును పాయలు చేసి, బొగ్గుతో గురుతులు పెట్టి, రంగు పట్టకూడని చోటల్లా గట్టిగా ముడులు కట్టి, కాగులో ముంచడాన్ని చిటికి అంటారు. ముడి ఉన్నచోట నూలు తెల్లగా నిలుస్తుంది. రంగు ఆరాక ముడులు విప్పుతారు. కట్టడం పెద్దవాళ్ల పని. విప్పడం ఆడపిల్లల పని. ఆరేళ్లు నిండని పిల్ల కూడా ఆ వాడలో ముడులు విప్పగలదు. లీలమ్మ కూడా అట్లాగే పెరిగింది.

1955లో ఆండాళు చెల్లెలిని హైదరాబాదులోని మానసిక వైద్యశాలకు తీసుకుపోయింది. ఆరు నెలలు అక్కడ ఉంచింది. మాటల జోరు తగ్గింది. ఇంటికి పంపే రోజున ఒక డాక్టరు మాత్రలు చేతిలో పెట్టి, సంవత్సరాల తరువాత కూడా ఆండాళు అక్షరం పొల్లు పోకుండా చెప్పుకున్న మాట ఒకటి అన్నాడు: "మందు మాటల్ని తగ్గిస్తుందమ్మా. పొద్దును మాత్రం నడిపించదు. అది ఇంట్లో మీరే చూసుకోవాలి."

ఎట్లా చూసుకోవాలో ఆయన చెప్పలేదు. ఆయనకు తెలియకపోయి ఉండవచ్చు. ఈ దేశంలో ఎవరైనా దాన్ని ఒక పుస్తకంగా రాసి ఉంటే, అది రామన్నపేట దాకా రాలేదు.

ఇంటికి వచ్చాక లీలమ్మ ఒక మూల కూర్చుండిపోయింది. పిలిస్తే పలుకుతుంది, లేపితే లేస్తుంది, ఏ పనీ తనంతట తాను మొదలుపెట్టదు. ఒక మధ్యాహ్నం ఆండాళు రంగు ఆరిన నూలును ఆమె పక్కన పడవేసి పెరట్లోకి పోయింది. తిరిగి వచ్చేసరికి లీలమ్మ ఆ నూలును ఒడిలోకి లాక్కొని ముడులు విప్పుతోంది. దీపాల వేళకు నాలుగు వందల ముడులు విప్పింది. ఒక్క పోగు తెగలేదు.

"దీని తలకు యాది లేదు గని చేతులకు ఉన్నది," అని ఆండాళు అప్పుడే అనుకుందట.

మరునాడే ఆమె ఒక లావు నూలు తాడు పేనింది. ముందు గది గోడకు రెండు మేకులు కొట్టి, ఛాతీ ఎత్తున దాన్ని బిగించి కట్టింది. దాని మీద పద్నాలుగు ముడులు వేసింది, ఒక్కొక్క పనికి ఒక్కొక్కటి. ముఖం కడిగే ముడిలో వేపపుల్ల ముక్క. స్నానం ముడి పిడికెడంత లావు. దాని పక్కన చీర ముడి, అందులో చీర అంచు పోగు ఒకటి. అన్నం ముడిలో జొన్న గింజ ఇరికించి ఉండేది, వేలు తగిలితే తెలిసేది. మాత్ర ముడి చిన్నది, గట్టిది, గోరు పెట్టి తీయవలసినది. ఏ రెండు ముడులూ ఒక తీరుగా ఉండవు, ఒక దూరంలో ఉండవు. పని అయ్యాక లీలమ్మ వచ్చి ఆ ముడి విప్పాలి. అప్పుడు తరువాతి ముడి చేతికి తగులుతుంది. పద్నాలుగూ విప్పితే ఆ పొద్దు అయిపోయినట్టు.

ఇంట్లో మిగిలినవన్నీ దానికి తగినట్టు మారాయి. ఏడు రోజుల చీరలు ఏడు కొయ్యలకు వేలాడాయి. ఏడు చిన్న కుండల్లో ఏ రోజు గింజలు ఆ రోజుకే కొలిచి ఉండేవి. కంటికి ఎదురుగా ఒకే చెంబు, ఒకే పళ్లెం. తక్కినవన్నీ అటక మీదికి పోయాయి. అద్దం గోడ దిగింది. నేత లేని వేళల్లో మగ్గం గుంట మీద పలకలు పరిచి, వాటి మీద రాట్నం పెట్టింది.

"మీద కూసుండి వడుకు. నీ బరువుకు వాళ్లెట్ల లేస్తరో సూద్దాం," అంది చెల్లెలితో.

"బరువు లేదంటున్నరక్కా. సరిగ తింటలేనట."

"అది మాత్రం నిజమే చెప్పిండ్రు. పో, జొన్న గింజ ముడి కాడికి పో."

ఒక్క పని మాత్రం లీలమ్మ చేయలేకపోయింది. విప్పిన ముడిని తిరిగి కట్టడం. తాడు కొసలు రెండు చేతుల్లోకి తీసుకుంటే ఆమె మణికట్లు రెండూ దగ్గరికి వచ్చి కట్టేసినట్టు అతుక్కునేవి. నకిరేకల్లు గుంజ ఆమెను వదలలేదు. అందుకని ప్రతి సాయంత్రం ఆండాళే తాడు ముందు కూర్చుని పద్నాలుగు ముడులూ మళ్లీ వేసేది. అరగంట పని. ఆ అరగంటసేపు చెల్లెలు పక్కన కూర్చుని చూసేది, అక్క వాడలో విన్నవి చెప్పేది. లీలమ్మతో రోజు మొత్తంలో మరొక మనిషి మాట్లాడే సమయం అదొక్కటే.

అతిశయోక్తి అనుకోకండి. ఏడేళ్లలో వాడవాళ్లు ఎవరూ ఆ గడప దాటి లోపలికి రాలేదు. పెళ్లి పిలుపులకు వచ్చినవాళ్లు వీధిలోనే నిలబడి ఆండాళు పేరు పెట్టి పిలిచేవారు. చేదబావి దగ్గర లీలమ్మ కనబడితే ఆడవాళ్లు పక్కకు జరిగేవారు, కానీ ఒక మనిషికి కావలసినదానికంటే నాలుగింతలు జాగా వదిలేవారు. ఆ జాగాలో నిలబడి ఆమె నీళ్లు తోడుకునేది. ఎవరూ తిట్టలేదు, రాళ్లు వేయలేదు. ఫిర్యాదు చేయడానికి వీలైన తప్పు ఎవరూ చేయలేదు.

"నువ్వు సచ్చిపోతె ముడులెవరు కడ్తరక్కా?" అని లీలమ్మ ఒకసారి అడిగిందట.

"సచ్చేటప్పుడు కట్టి సస్త తీ. తిన్నవా?"

1963 శీతకాలంలో ఆండాళు నాలుగు రోజుల జ్వరంతో చనిపోయింది. మూడో రోజు సాయంత్రం లేచి గోడకు ఆనుకొని, అన్న మాట ప్రకారమే ముడులు కట్టి పడుకుంది.

దినాల పనులకు నందికొండ నుంచి సిద్దయ్య వచ్చాడు. లీలమ్మకు అన్న కొడుకు. మగ్గం మానేసి ఐదేళ్లుగా కృష్ణ మీద కట్టే ఆనకట్ట పనిలో, సిమెంటు గోదాములో ఉన్నాడు. భార్య యాదమ్మ, ఇద్దరు పిల్లలు. ఈ కథలో దుర్మార్గుడి కోసం వెతికేవారికి సిద్దయ్య పనికిరాడు, యాదమ్మ అంతకన్నా పనికిరాదు. పది రోజులూ లీలమ్మను చేయి పట్టుకొని లేపి, తినిపించి, పడుకోబెట్టింది యాదమ్మే. తాడు విప్పని ముడులతో అట్లాగే గోడకు ఉండిపోయింది.

పదో రోజు ఇల్లు శుద్ధి చేశారు. ఆచారం ప్రకారం పాత కుండలు బయట పడవేశారు. అందులో గింజలు కొలిచిన ఏడు కుండలూ పోయాయి. గోడలకు సున్నం వేశారు. వేయాలంటే మేకులు పీకాలి. ఏడేళ్ల చేతిమురికి పట్టి నల్లబడిన ఆ తాడు మైలగుడ్డలతో కలిసి పెంటకుప్ప మీదికి పోయింది.

తాడు సంగతి యాదమ్మకు తెలియక కాదు. పాతది పోతేనేం, కొత్తది కడతాననుకుంది. ఆమె పుట్టిల్లు చిటికి పనికి పేరుపడ్డ ఇల్లు. తెల్లని నూలుతో తాడు పేని, వేళ్లతో దూరం కొలిచి, పద్నాలుగు ముడులు వేసింది. చిటికి నూలుతో నేసే నూనె రుమాలుకు వేసినట్టే వేసింది. అన్నీ ఒకే లావు, అన్నీ ఒకే బిగువు, ముడికీ ముడికీ నడుమ సరిగ్గా నాలుగు వేళ్లు. ఆ పనిలో వంకర ముడి అంటే అవమానం; దాన్ని చూసి అత్తలు కోడళ్లను, కోడళ్లు అత్తలను దెప్పుతారు. పద్మశాలి ఆడది తప్ప మరెవరూ చేయలేని పొరపాటు ఇది.

మరునాడు తెల్లవారి లీలమ్మ లేచి తాడు దగ్గరికి వచ్చింది. మొదటి ముడిని తడిమింది. వేపపుల్ల లేదు. రెండోది తడిమింది, మూడోది తడిమింది. ఏదీ ఏమీ చెప్పలేదు. చేతులకు తెలిసిన పని ఒక్కటే కనుక వరుసగా పద్నాలుగూ విప్పింది. విప్పడం అయిపోయింది, అంటే పొద్దు అయిపోయింది. చాప పరుచుకొని పడుకుంది. వాకిట్లో అప్పుడే ఎండ పడుతోంది.

"అత్తమ్మా, లే. బువ్వ తిందువు," అని యాదమ్మ లేపింది.

"పొద్దు అయిపోయింది గద బిడ్డా. రేపు తింట."

మూడు రోజులు అట్లాగే గడిచింది. ముడులు సరిగా లేవేమోనని యాదమ్మ ప్రతి సాయంత్రం ఇంకాస్త సమంగా కట్టింది. ఈసారి నోట్లో ముద్ద పెట్టబోతే లీలమ్మ పెదవులు బిగించుకుంది. అయిపోయిన పొద్దులో అన్నం లేదు. నాలుగో రోజు ఆమె గోరుతో గోడ సున్నం గీకడం మొదలుపెట్టింది. తరువాత తడి చీరతోనే వీధిలోకి పోయి పెంటకుప్పను రెండు చేతులా తవ్వింది. వాడంతా చూసింది.

"తిరగబెట్టింది," అన్నాడు వాడ పెద్ద మల్లప్ప. "సిద్దయ్యా, అక్క ఉన్నన్ని దినాలు నడిసింది. ఇగ నడువది. హైదరాబాద్ దవాఖానల ఇడిసిపెట్టు."

మనోవ్యాధిగ్రస్తులను వైద్యశాలకు పంపడానికి 1912 నాటి చట్టం ఒకటుంది. దగ్గరి బంధువు అర్జీ పెట్టుకోవాలి, ఇద్దరు డాక్టర్ల యోగ్యతాపత్రాలు జోడించాలి, మేజిస్ట్రేటు మనిషిని స్వయంగా చూడాలి. సిద్దయ్య అర్జీ పెట్టాడు. మూడు రోజులుగా అన్నం ముట్టలేదని, వీధిలోకి తడి బట్టలతో పోయిందని రాయించాడు. ప్రతి వాక్యమూ నిజమే. లీలమ్మ తరఫున మాట్లాడటానికి ఎవరూ లేరు కనుక మేజిస్ట్రేటు నల్లగొండలోని మా సీనియరును అడిగారు. ఆయన, తన దగ్గర జూనియరు వకీలునైన నన్ను పంపించారు.

ఎవరినైనా బంధిస్తున్నారంటే నాకు ముందు కోపం వస్తుంది, తరువాత వాస్తవాలు కనబడతాయి. ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి సిద్దయ్యను నిలదీయడానికి పది ప్రశ్నలు సిద్ధం చేసుకున్నాను. అతడు మొదటి ప్రశ్నకే కళ్లు తుడుచుకున్నాడు.

"మా బాపు చెల్లె అమ్మా. నా కండ్ల ముందట పస్తులుండి సస్తె నేనెట్ల సూడాలె? దవాఖానల పెడ్తె బతుకుతది గద."

యాదమ్మ తన తాడు చూపించింది. ముడులు ముత్యాల్లా ఉన్నాయని నేనూ మెచ్చుకున్నాను. చదువుకున్న కళ్లకు సమంగా ఉన్నదే సరైనదిగా కనిపిస్తుంది.

అందులోని తప్పును పట్టుకున్నది ఎదురింటి బక్కమ్మ. గొర్రెలు కాచుకునే కురుమ ఇంటి ఆడది, యాభై దాటిన మనిషి. ఏడేళ్లుగా మందను దొడ్డిలోకి తోలుకుంటూ, తెరిచిన తలుపులోంచి ఆండాళు ముడులు కట్టడం చూస్తూ వచ్చింది.

"గా తాడు గిట్ల లేకుండె," అంది గడప అవతలే నిలబడి.

"గంతకన్న మంచిగనే కట్టిన గద," అంది యాదమ్మ.

"గందుకే సెడ్డది. నా మందల నూరు గొర్రెలున్నయి. నీకు అన్నీ ఒక్క తీరుగనే కనబడ్తయి. నాకు ఒక్కొక్కదానిది ఒక్కొక్క మొఖం. నువ్వు అన్నిటికి ఒకటే మొఖం పెట్టినవు బిడ్డా. గామె ఏది ఏదని గుర్తుపట్టాలె?"

పాత తాడు ఎక్కడుందో తెలుసా అని అడిగితే, తనతో రమ్మంది. దొడ్డిలో ఒక పొట్టేలు మెడకు అది కట్టి ఉంది.

"మంచి నూలు, మట్టిల పాడైతదని తెచ్చిన. రెండు ముడులు గీ దొంగది నమిలింది," అంది పొట్టేలు నెత్తి మీద ఒకటి వేసి. "జొన్న గింజ ముడి ముందుగాల నమిలింది. దీనికి గుర్తుపట్టుడు మంచిగనే వచ్చు."

మిగిలిన పన్నెండు ముడులను యాదమ్మ ఒక్కొక్కటిగా తడిమి చూసింది. ఆ సాయంత్రం తన తాడు విప్పి, పాతదాన్ని ముందు పెట్టుకొని కొత్త తాడు మీద వంకర ముడులు వేసింది. "గీ పని మా అమ్మ సూస్తె నా చెయ్యి ఇరగ్గొడ్తది," అంటూనే వేసింది. నమిలిన రెంటినీ లీలమ్మను అడిగి వేసింది. లీలమ్మ ఒక్కొక్క ముడినీ వేలితో నొక్కి, "లావు," "చిన్నగ," "జర ఎడంగ" అని చెప్పింది. మరునాడు ఉదయం స్నానం చేసి, ఒకే చీర కట్టుకొని, వంట చేసుకొని తిన్నది. పన్నెండు రోజులు ఒక్క ముడి తప్పలేదు. వరండాలో కూర్చుని లెక్కగా రాసుకున్నాను. కోర్టులో సాక్ష్యంగా పెట్టాను.

మేజిస్ట్రేటు దాన్ని శ్రద్ధగా చదివారు. అర్జీ కొట్టివేయడానికి అభ్యంతరం లేదన్నారు. తరువాత ఒకే ఒక ప్రశ్న వేశారు. "సిద్దయ్య కుటుంబం వెళ్లిపోయాక ఆ ముడులు ఎవరు కడతారు? ఆమె బాధ్యత తీసుకుంటామని ఎవరైనా జామీను రాసిస్తే చాలు. వారం గడువు ఇస్తున్నాను."

సిద్దయ్య సెలవు కూడా ఆ వారంతోనే అయిపోతుంది. నందికొండకు తీసుకుపోతామని అతడు మనస్ఫూర్తిగానే అన్నాడు. అంతకు మూడేళ్ల ముందు ఒకసారి లీలమ్మను అక్కడికి తీసుకుపోయారు. రాళ్లు పేల్చే చప్పుడుకు ఆమె రెండు రోజులూ మంచం కిందనే ఉంది. గుంటలోని మనుషులు అక్కడ గొంతు పెంచి మాట్లాడుతున్నారని చెప్పింది. బక్కమ్మ తాను కడతానంది. కానీ ఉగాది దాటితే మంద వెంట కృష్ణ ఒడ్డుకు పోయి, తొలకరికి గాని తిరిగి రాదు. ఆ మూడు నెలల సంగతేమిటి?

వాడలో ఆడవాళ్లు వంతులు వేసుకోలేరా? అరగంట పని, చేతికి వచ్చిన పని. కాగితం మీద వారాలు గీసుకొని పదకొండు ఇళ్లు తిరిగాను. పదకొండు ఇళ్లలోనూ చల్ల ఇచ్చారు. ఒక్క ఇంట్లోనూ ఒక్క వారం ఇవ్వలేదు. "పాపం మంచిదే అమ్మా," అన్నారు అందరూ. "గని ఆమె ఇంట్లకు..." అని ఆగిపోయారు. ఆ వాక్యాన్ని పూర్తి చేయమని గట్టిగా అడిగాను. ఎవరూ పూర్తి చేయలేదు.

ఇదంతా లీలమ్మ వింటూనే ఉంది. తన గురించి తన ముందే అందరూ మాట్లాడుకోవడం ఆమెకు అలవాటే. ఆమెను ఏమి చేయాలన్నది సిద్దయ్య అడిగాడు, మల్లప్ప అడిగాడు, నేనూ అడిగాను. ఆమెనే అడగాలన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. హక్కుల గురించి అంత మాట్లాడిన నాకు ముందు తట్టవలసింది.

గడువు చివరి రోజు మేజిస్ట్రేటు స్వయంగా రామన్నపేట వచ్చారు. మనిషిని ఇంట్లోనే చూస్తానన్నారు. మధ్యాహ్నం వేళ. ముందు గదిలో కుర్చీ వేశారు. సిద్దయ్య, యాదమ్మ గోడ పక్కన, బక్కమ్మ గడప అవతల, నేను కాగితాలతో ఒక మూల. తాడు మీద అప్పటికి ఆరు ముడులు విప్పి ఉన్నాయి.

"జామీను ఎవరు రాస్తున్నారు?" అని అడిగారాయన.

నేను చట్టం గురించి ఏదో మొదలుపెట్టబోయాను. అప్పుడు లీలమ్మ రాట్నం ముందు నుంచి లేచింది. మగ్గం అచ్చు కన్నాల్లోంచి పోగులు లాగే చిన్న ఇనుప కొక్కెం ఒకటి గూట్లోంచి తీసింది. తాడు దగ్గరికి పోయి ఏడో ముడిని వేలితో నొక్కి చూసింది. విప్పలేదు. ముడి పక్కన, తాడుకు, కొక్కెం తగిలించింది.

"ఇగ ఇప్ప సారు," అంది.

"ఏమిటమ్మా?"

"ముడులు ఇగ నేను ఇప్పను. ఒక పని అయినంక గీ కొక్కెం అవతలికి ఏసుకుంట. పొద్దుగాల మల్ల మొదటికి తెచ్చుకుంట. ఇప్పకపోతె కట్టేది ఉండది. కట్టేది లేకపోతె ఎవ్వలు రానక్కర లేదు."

యాదమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "అత్తమ్మా, ఇప్పుతుంటెనే గద నీకు పానం నిమ్మళం."

"అవు."

"మరి?"

"లేకపోతె లేకపాయె."

"పొద్దుగూకినంక నీ తాన ఎవరుంటరు? ఎవరితోని మాట్లాడ్తవు?"

లీలమ్మ కొక్కెం మీది నుంచి చేయి తీయలేదు. "ఎవ్వలుండరు," అంది. "గీ ఆరు ముడులు ఆఖరుసారి కట్టి మీరు నందికొండ పోండ్రి బిడ్డా. పిల్లల బడి పోతాంది."

మేజిస్ట్రేటు కలం మూత తీశారు. రాయబోయి ఆగారు. యోగ్యతాపత్రాలు ఆయన ఒడిలోనే ఉన్నాయి. ఆమెకు వినిపించే గొంతుల గురించి ఇద్దరు డాక్టర్లూ రాశారు. ఆయన వేయవలసిన ప్రశ్న ఆయన వేశారు, మెత్తగానే వేశారు.

"ఇట్లా చేయమని నీకు ఎవరైనా చెప్పారా లీలమ్మా? ఆ గుంటలోని వాళ్లు గాని?"

"వాళ్లు వద్దనే అంటున్నరు సారు. ఒక్కదానివే ఉండలేవంటున్నరు. పొమ్మంటున్నరు దవాఖానకు." కాసేపు పలకల వైపు చూసింది. "ఉంట అన్నది నేనే."

ఆయన ఆ మాటలు ఆమె అన్నవి అన్నట్టే రాసుకొని చదివి వినిపించారు. తాను ఆ ఇంట్లోనే ఒంటరిగా ఉంటానని, ఇకమీదట ముడి విప్పనని, అందుకోసం ఎవరూ రానవసరం లేదని. లీలమ్మ చివరిదాకా విని, బొటనవేలు సిరాలో అద్ది, జామీను కాగితం మీద ఒత్తింది.